ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్: ఇంకో ప్యాడ్ కొనే ముందు మాడ్యూల్ వెనకున్న జాక్‌లు చూడండి

"ఏం బాబూ, రాత్రి పదింటికి పైన కారం దంచుతున్నారా?"

నరసరావుపేటలో మేం అద్దెకుంటున్న ఇంట్లో ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ బిగించిన మూడో రోజు, కింది పోర్షన్ పిన్నిగారు అడిగిన మాట ఇది. నేనేమో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బయటికి చప్పుడే లేదన్న ధైర్యంతో వాయిస్తున్నాను. యూట్యూబ్‌లో అందరూ చెప్పేది అదే కదా, ఎలక్ట్రానిక్ కిట్ అంటే సైలెంట్ అని. స్నేర్, టామ్‌ల వరకు అది నిజమే. మెష్ హెడ్ మీద దెబ్బ పక్క గదిలోకి పెద్దగా వినపడదు. కానీ కిక్ పెడల్ సంగతి వేరు. బీటర్ తగిలిన ప్రతిసారీ ఆ అదురు స్టాండ్ కాళ్లలోంచి స్లాబులోకి దిగుతుంది. మనకి పాట వినపడుతుంది, కింద వాళ్లకి రోకలి పోటు వినపడుతుంది.

కాబట్టి కిట్ సెటప్ అనేది మాడ్యూల్ ఆన్ చేయడంతో కాదు, నేలతో మొదలవుతుంది. మన పల్నాడు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. మాచర్ల నాపరాళ్లు పరిచిన గచ్చు మీద కిక్ ప్యాడ్ నిలవదు, నాలుగు పాటలయ్యేసరికి జానెడు ముందుకి జారిపోతుంది. రబ్బరు అడుగున్న మందపాటి కార్పెట్ ముక్క వేస్తే జారడం ఆగుతుంది. అదురు ఆగాలంటే మాత్రం టెన్నిస్ బాల్స్ కావాలి. రెండు ప్లైవుడ్ షీట్లు తీసుకుని, కింది షీట్‌కి బంతి పట్టేంత గుంటలు చేసి, మధ్యలో బంతులు పెట్టి, పైన రెండో షీట్ పరవాలి. కిట్, పెడల్, స్టూలు అన్నీ ఆ వేదిక మీదే ఉండాలి. స్టూలు బయటపెట్టి పెడల్ మాత్రం పైన పెడితే ఎత్తు కుదరక మోకాలు నొప్పి తప్ప లాభం లేదు. నేను పాత క్రికెట్ టెన్నిస్ బాల్స్‌తోనే పని కానిచ్చాను. పోటు పూర్తిగా పోలేదు గానీ, పిన్నిగారు మళ్లీ పైకి రాలేదు.

ఎండ గురించి కూడా ఒక మాట. ఎండల వార్త వచ్చిందంటే అందులో రెంటచింతల పేరు ఉండాల్సిందే, మిగతా పల్నాడు ఏమీ తక్కువ తినలేదు. మేడ మీద రేకుల గదిలో కిట్ పెట్టుకుంటే మొదట దెబ్బ తినేది లోపలి సెన్సర్‌ని పట్టి ఉంచే ఫోమ్ టేపు. జిగురు మెత్తబడి సెన్సర్ వదులైతే ఒకే ప్యాడ్ ఒకసారి గట్టిగా, ఒకసారి అసలు మోగకుండా ఆడుకుంటుంది. "మాడ్యూల్ పోయింది" అని కంగారుపడే ముందు ఆ ప్యాడ్ అడుగు విప్పి చూడండి.

బ్లూటూత్ ఉంది కదా, వైర్ ఎందుకు?

గ్యాడ్జెట్ ప్రియులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. అలెసిస్ నైట్రో మ్యాక్స్, రోలాండ్ టీడీ-07 లాంటి మాడ్యూళ్లలో బ్లూటూత్ ఉంటుంది. అది ఫోన్లోని పాటని మాడ్యూల్‌లోకి తీసుకోవడానికి. మీ ఇయర్‌బడ్స్‌కి డ్రమ్ సౌండ్ పంపడానికి కాదు. పాట కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు, మనం విన్నదాన్ని బట్టే వాయిస్తాం కాబట్టి. కానీ కొట్టిన దెబ్బ ఆలస్యంగా వినపడితే చెయ్యి తడబడిపోతుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యం 150 మిల్లీ సెకన్ల చుట్టుపక్కల ఉండటం సాధారణం. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే మీరు 50 మీటర్ల అవతల నిలబడి మీ స్నేర్ మీరే విన్నట్టు. వైర్ ఉన్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. ఇక్కడ ఫ్యాషన్ చూడొద్దు.

ప్యాడ్ లోపల ఏముంది?

1981లో ఇంగ్లండ్ కంపెనీ సిమన్స్ తెచ్చిన ఎస్‌డీఎస్-5 షట్కోణం ప్యాడ్ల నుంచి, 1997లో రోలాండ్ మెష్ హెడ్‌తో తెచ్చిన టీడీ-10 మీదుగా, ఇవాళ్టి బడ్జెట్ కిట్ల దాకా అసలు కిటుకు పెద్దగా మారలేదు. ప్యాడ్ అడుగున పియజో బిళ్ల ఉంటుంది. గ్రీటింగ్ కార్డులో పాట పాడే బిళ్ల చూశారుగా, దాని సొంత అన్నదమ్ముడే. అక్కడ కరెంటు ఇస్తే శబ్దం వస్తుంది, ఇక్కడ దెబ్బ తగిలితే కరెంటు వస్తుంది. ఎంత గట్టిగా కొడితే అంత వోల్టేజీ. మాడ్యూల్ ఆ వోల్టేజీని 1 నుంచి 127 మధ్య ఒక అంకెగా మార్చి, దానికి తగ్గ సౌండ్ వినిపిస్తుంది.

ఇది అర్థమైతే సెట్టింగ్స్ మెనూ చూసి భయపడక్కర్లేదు. సెన్సిటివిటీ అంటే ఎంత దెబ్బకి ఎంత అంకె ఇవ్వాలో. థ్రెషోల్డ్ అంటే ఇంతకన్నా చిన్న అదురుని పట్టించుకోవద్దని చెప్పడం. ఒక్కసారి కొడితే రెండుసార్లు మోగుతోందా? రీట్రిగ్గర్ లేదా మాస్క్ టైమ్ కొంచెం పెంచండి. కిక్ తొక్కితే క్రాష్ కూడా మోగుతోందా? అది క్రాస్‌టాక్. మెనూలోకి పోయేముందు ర్యాక్ బోల్టులు బిగించండి. వదులైన క్లాంపే సగం క్రాస్‌టాక్‌కి కారణం. మెనూలో క్రాస్‌టాక్ మరీ పెంచితే మెల్లగా కొట్టే దెబ్బలు మాయమైపోతాయి, ఆ తర్వాత స్నేర్ పాడైందని మెకానిక్ కోసం వెతుక్కుంటాం.

నా రైడ్ సింబల్ కథ

ఇక ఎక్స్‌పాన్షన్. కిట్ కొన్న ఆరు నెలలకి అందరికీ వచ్చే జబ్బే నాకూ వచ్చింది, ఇంకో ప్యాడ్ కావాలి. నాది నైట్రో మెష్. సెకండ్ హ్యాండ్‌లో ఒక మూడు జోన్ల రైడ్ సింబల్ కనిపించింది. మధ్యలో, అంచున, పైన గుబ్బ మీద మూడు వేర్వేరు సౌండ్లు వస్తాయని మురిసిపోయి కొన్నాను. తెచ్చి తగిలిస్తే ఎక్కడ కొట్టినా ఒకటే సౌండ్. సింబల్ మంచిదే, నా మాడ్యూల్‌లోని రైడ్ ఇన్‌పుట్‌కే ఒక్క జోన్ తప్ప చదవడం రాదు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, నేనే మాన్యువల్ చదవలేదు. అప్పు తెచ్చిన డబ్బు కాబట్టి ఇంకా బాగా గుర్తుంది.

అందుకే చెప్తున్నాను, ముందు మాడ్యూల్ వెనక చూడండి. నైట్రోలో కేబుల్ గుత్తి కాక, విడిగా రెండు జాక్‌లు ఉంటాయి: టామ్ 4, క్రాష్ 2. అంటే మీకున్న అవకాశాలు రెండే. రోలాండ్ టీడీ-07లో అదనంగా క్రాష్ 2 ఉంది. ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్‌కి తొమ్మిది ప్యాడ్లు ఉన్నాయి కదా అనుకుంటాం గానీ, వెనక రెండు ట్రిగ్గర్ జాక్‌లు కూడా ఉన్నాయి. ఒక్కోటి స్టీరియో కాబట్టి చీల్చే కేబుల్ వాడితే బయటి నుంచి నాలుగు ప్యాడ్లు తగిలించొచ్చు. కొన్న ప్యాడ్ ఎంత ఖరీదైనదైనా, జాక్ ఎన్ని జోన్లు చదవగలదో అన్నే మోగుతాయి.

టామ్ 4 జాక్ ఖాళీగా ఉంటే మాత్రం మంచి ఛాన్స్. దానికి ప్యాడ్ కొనక్కర్లేదు, చేసుకోవచ్చు. 27 లేదా 35 మిల్లీమీటర్ల పియజో బిళ్ల ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో టీ, పునుగుల ఖర్చులో వస్తుంది. మధ్యలోని తెల్లటి భాగం తీగని 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్ కొనకి, ఇత్తడి అంచు తీగని జాక్ ఒంటికి సోల్డర్ చేయాలి. గుండ్రంగా కోసిన ప్లైవుడ్ అడుగున ఫోమ్ టేపుతో బిళ్ల అంటించి, పైన పాత మౌస్ ప్యాడ్ రబ్బరు అతికించండి. పుల్ల నేరుగా బిళ్ల మీద పడకూడదు, తెల్లటి పింగాణీ పెళ్లున పగిలిపోతుంది. ఇంకో జాగ్రత్త, ఈ బిళ్ల గట్టి దెబ్బకి చాలా వోల్టులే ఇస్తుంది. డ్రమ్ మాడ్యూల్ ట్రిగ్గర్ జాక్‌కి తప్ప ఫోన్‌కో లాప్‌టాప్ మైక్ జాక్‌కో నేరుగా పెట్టొద్దు.

అసలు లోటు ప్యాడ్ కాదు

నైట్రో మెష్‌లో 385 సౌండ్లు ఉన్నాయి. రాక్, జాజ్, ఎలక్ట్రానిక్ అన్నీ దొరుకుతాయి. అయితే కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభ ముందు నిలబడే జనానికి, పెళ్లి ఊరేగింపుకి, కారంపూడి వీరుల ఉత్సవాలకి కాలు కదలాలంటే కావాల్సింది డప్పు. మా ఫ్రెండ్ వాళ్ల ఆర్కెస్ట్రాలో ఒక రాత్రి ప్యాడ్స్ వాయించే అన్న రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. మాస్ పాట మొదలైంది, నేను ఫ్లోర్ టామ్ మీద డప్పు దరువు వాయించాను. ముందు వరసలోని కుర్రాడొకడు "అన్నా, డబ్బా కాదు, డప్పు కొట్టు" అని అరిచాడు. వాడు చెప్పింది వంద శాతం కరెక్ట్.

మన ఆర్కెస్ట్రా వాళ్లు ఏళ్ల తరబడి రోలాండ్ ఎస్‌పీడీ-20ని వదలకపోవడానికి కారణం ఇదే. అందులో సొంత సౌండ్ ఎక్కించే వీలు లేదు. అయినా లోపలున్న సౌండ్ల పిచ్ దించి, డికే తగ్గించి, రెండిటిని కలిపి మన చెవికి నచ్చేట్టు మలుచుకున్నారు. ఇవాళ అంత తంటా అక్కర్లేదు. ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్, అలెసిస్ స్ట్రైక్ మల్టీప్యాడ్, రోలాండ్ టీడీ-17 లాంటివి మీ వేవ్ ఫైల్స్ తీసుకుంటాయి. నైట్రో, టీడీ-07 తీసుకోవు. అవి ఉన్నవాళ్లకి దారి యూఎస్‌బీ కేబుల్, లాప్‌టాప్.

డప్పు రికార్డ్ చేయడానికి మా ఊరి పక్కన డప్పు కళాకారుడు ఒకాయన్ని బతిమాలాను. మొదట ఆయన చేసిన పని మంట వేయడం. తోలు సెగ తగిలి బిగిస్తేనే డప్పు పలుకుతుంది, చల్లబడితే మళ్లీ కాచాలి. ఇది తెలియక చల్లటి డప్పుని రికార్డ్ చేసి ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టేవాళ్లున్నారు. కుడిచేతి చిర్ర దెబ్బ వేరు, ఎడమచేతి చిటికెన పుల్ల దెబ్బ వేరు, అంచు మీద కొట్టింది వేరు. ఒక్కోదాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, మూడు స్థాయుల్లో నాలుగేసి సార్లు కొట్టించుకున్నాను. ఖాళీ పొలంలో మీటరు దూరంలో ఫోన్ పెట్టి, వేవ్ ఫార్మాట్‌లో, నాయిస్ తగ్గించే ఆప్షన్లు ఆఫ్ చేసి తీశాను. హాల్లో తీస్తే ప్రతిధ్వని కూడా శాంపిల్‌లోకి వచ్చేస్తుంది, తర్వాత తీసేయలేం. ఆయన చెయ్యి మన లాప్‌టాప్‌లో కూర్చుని ఎన్ని ప్రోగ్రాములైనా వాయిస్తుంది కాబట్టి, ఆ పూట కూలి కాకుండా ఒక ప్రోగ్రాముకి ఆయన తీసుకునేంత ఇవ్వడం న్యాయం. నేనైతే అలాగే ఇచ్చాను.

ఆ ఫైల్స్‌ని ఉచితంగా దొరికే స్ఫోర్జాండో ప్లేయర్‌లో పెట్టాను. దాని ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. దెబ్బ అంకె 60 లోపైతే మెల్లని శాంపిల్, 100 దాటితే గట్టి శాంపిల్, మధ్యలో మూడోది. ఒకే స్థాయిలో నాలుగు శాంపిల్స్ వంతులవారీగా మోగితే గబగబా కొట్టినప్పుడు మెషిన్‌లా వినపడదు. నేను చేసిన టామ్ 4 ప్యాడ్‌కి చిర్ర, దాని పక్కనున్న మూడో టామ్‌కి చిటికెన పుల్ల.

విండోస్‌లో ఏఎస్ఐఓ డ్రైవర్ తప్పనిసరి. సౌండ్ కార్డుకి సొంతది లేకపోతే ఏఎస్ఐఓ4ఆల్ ఉచితం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 పెడితే ఆ మెట్టులో ఆలస్యం 2.7 మిల్లీ సెకన్లు, 1024 పెడితే 21 దాటుతుంది. మిగతా మెట్లలో ఇంకాస్త కలుస్తుంది కాబట్టి 128తో మొదలుపెట్టి, టపటప శబ్దాలొస్తే 256కి పెంచండి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో కిట్ కలపొచ్చు గానీ ఆలస్యం ఫోన్‌ని బట్టి మారుతుంది. స్టేజీకి పోయేముందు మీ ఫోన్లో మీరే చూసుకోవాలి. స్టేజీ మీద లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని హమ్ మొదలైతే, ఒక్కసారి చార్జర్ పీకి చూడండి. ఆగిందంటే కారణం దొరికినట్టే. బ్యాటరీ మీద నడపండి, లేదా డీఐ బాక్స్ పెట్టించండి.

కొత్తగా కొనేవాళ్లకి నా లెక్క ఇదీ. ఇంట్లో ప్రాక్టీస్ కోసమైతే నైట్రో స్థాయి మెష్ కిట్ చాలు, మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్స్‌కి, ప్లైవుడ్‌కి పెట్టండి. స్టేజీ ప్రోగ్రాములే ముఖ్యమైతే ఐదు ముక్కల కిట్ మోసుకెళ్లే బదులు శాంపిల్స్ తీసుకునే మల్టీప్యాడ్, దానికో కిక్ ట్రిగ్గర్ మేలు. సెకండ్ హ్యాండ్ కిట్ చూడ్డానికి వెళ్తే మీ హెడ్‌ఫోన్స్ మీరే తీసుకెళ్లండి. ప్రతి ప్యాడ్‌నీ మధ్యలో, అంచున మెల్లగా కొట్టి చూడండి. హై-హాట్ పెడల్ నెమ్మదిగా తొక్కుతూ సగం తెరిచినప్పుడు సౌండ్ మారుతోందో లేదో వినండి. ఆ తర్వాత మాడ్యూల్ తిప్పి వెనక ఖాళీ జాక్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అప్పుడు బేరం మొదలుపెట్టండి.