మడత కత్తి కొంటున్నారా? ముందు లాక్ చూడండి

పండు కోయడానికి, పార్సిల్ విప్పడానికి, తాడు తెంపడానికి జేబులో చిన్న మడత కత్తి ఉంటే పనికొస్తుంది. మొదటిసారి కొనేవారు ఎక్కువగా పదును చూస్తారు. అంతకంటే ముఖ్యమైనది లాక్. పదును తగ్గితే సాన పెట్టుకోవచ్చు. పని మధ్యలో బ్లేడు మడుచుకుపోతే మాత్రం తెగేది వేళ్లే. తెరిచాక బ్లేడు పక్కలకు కదలకూడదు. లాక్ లేకుండా స్ప్రింగు బిగువుతోనే నిలిచే రకం తేలికపాటి కోతలకే సరి.

తర్వాత చూడాల్సింది ఉక్కు. కార్బన్ స్టీల్‌కు సాన సులువు, కానీ చెమట, నిమ్మరసం తగిలి తుడవకపోతే తుప్పు పడుతుంది. తేమ ఎక్కువుండే తీర ప్రాంతాల్లో స్టెయిన్‌లెస్ నయం.

చట్టాన్నీ మరవకూడదు. సినిమాల్లో టక్కున తెరుచుకునే బటన్ కత్తి జోలికి పోకపోవడమే మేలు. బ్లేడు 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉండే అలాంటి కత్తులపై ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఆంక్షలు పెట్టింది. విమానంలో మడత కత్తిని చేతి సంచిలో పెట్టుకోనివ్వరు, చెకిన్ లగేజీలో వేయాల్సిందే.

మూడు అంగుళాల లోపు బ్లేడు, చేత్తో తెరిచే తీరు, గట్టి లాక్. మొదటి కత్తికి ఇవి చాలు.