నవ్వవలెనా, నొచ్చుకొనవలెనా?

కృష్ణాజిల్లా అంగలూరున జన్మించిన త్రిపురనేని గోపీచంద్ (1910–1962) వ్రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ను గూర్చి మేము జి.కొండూరులో కొందరు పాఠకులతో ముచ్చటించితిమి. వారు వెంటనే రెండు పక్షములైరి.

కథానాయకుడు సీతారామారావు. వంశప్రతిష్ఠ నిలుపుమని తండ్రి అవసానమున కోరినాడు. కొడుకు ఆ ప్రతిష్ఠకై ఆస్తిని కరగించినాడు. పని చేయడు, చేయకుండుటకు మాత్రము పూటకొక సిద్ధాంతము చెప్పును. చదువరికి నవ్వు వచ్చును. కాని ఆ సిద్ధాంతముల బరువు మోయునది భార్య ఇందిర.

తండ్రి మాటకై చెడినవానిని పరిహసించుట తగదనియు, శ్మశానమున ముగియు కథ ఇంట చదువదగినది కాదనియు పెద్దల వాదము. ఒక గృహిణి మాట వేరు: “అతడు భార్యపై చేయి చేసుకొనువరకు నవ్వితిని. అక్కడ పుస్తకము మూసితిని. మరునాడు మరల తెరవక తప్పలేదు.”

రెండు పక్షములకును సమాధానము అంకితములోనే యున్నదని మా తలంపు. ‘ఎందుకు’ అని ప్రశ్నించుట నేర్పిన తన తండ్రికి గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చెను. సీతారామారావు తండ్రి కోర్కెను గూర్చి ఆ ప్రశ్న వేయలేదు. రచయిత నవ్వినది పితృభక్తిని చూచి కాదు, ప్రశ్న లేని విధేయతను చూచి.

వాననమ్ముకొన్న మెట్టసీమలో, పెండ్లిని ఊరు మెచ్చవలెనని ఎకరము అమ్మిన ఇండ్లు మనమెరుగనివి కావు. అమ్మకమునకు ముందు ఆ ఇంటి ఇందిరను అడిగినవారెందరు? ఈ ప్రశ్నతో నవలను ఇంటిల్లిపాదియు చదువుడు, పిదప వాదించుకొనుడు.