కబురు ఖరీదెంత?

2023 జూలై 27న మోరంచవాగు పొంగి, భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచివేసింది. జనం మిద్దెలెక్కి సాయంకోసం ఎదురుచూచారు. ఇట్లాంటి వేళ ఫోన్లకు హెచ్చరిక పంపాలంటే చవుకైన మార్గమేది?

కంప్యూటరుకు మోడెం అనే చిన్న యంత్రం తగిలించి, అందులో సిమ్ కార్డు వేస్తే, అదే ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది. ఖర్చు స్వల్పమే, కాని ఒకటి వెళ్ళాకనే మరొకటి వెళుతుంది. పది ఇళ్ళకైతే చాలు.

జనగామలోనో, మహబూబాబాదులోనో వందలమంది చదివే బడికి అది చాలదు. సందేశాలు పంపే కంపెనీకి అప్పగించాలి. కబురుకింత అని పుచ్చుకుంటారు. పంపేవారి పేరూ, కబురు నమూనా ముందే నమోదు చేయించాలి.

మూడోది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది దండోరా వంటిది. నంబర్లతో పనిలేదు; టవరు చుట్టుపట్ల ఫోన్లన్నిటికీ ఒక్కసారే చేరుతుంది. వరదకు ఇదే మేలు. కాని అది ప్రభుత్వం చేతిలోనిది.

మరి బడి ఖర్చు తగ్గేదెట్లా? ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లే పడతాయి. అంటే ఇంగ్లీషు అక్షరాలు 160. తెలుగు గుర్తులు 70. మనకు 'స్త్రీ' ఒక్క అక్షరం. యంత్రానికి ఆరు గుర్తులు! 71వ గుర్తు పడిందా, రెండు కబుర్ల ఖరీదు!

"వాగు పొంగింది. బడికి రాకండి." ఖాళీలూ, చుక్కలూ కలిపి 28 గుర్తులే. పొట్టి కబురు చవుక; పరుగెత్తేవాడు చదవటానికీ సులువు. మీ ఊరి హెచ్చరికను 70 గుర్తుల్లో వ్రాసి చూడండి!