పాత కారు పొగ పరీక్షలో నెగ్గాలంటే



ఆరోగ్య పత్రికలో కారు రిపేరు సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఆయాసంతో, పిల్లికూతలతో పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులను మేము "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని అడుగుతాము. "లేదండీ" అంటారు. రోజూ పొద్దున్నే వాకిట్లో స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేసే పాత కారు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

నిజం చెప్పాలంటే మాకూ గుర్తుకు రాలేదు. మా ఆస్పత్రి పనులకు వాడే పాత పెట్రోలు కారును ఏళ్ల తరబడి వార్డు కిటికీ కిందనే స్టార్ట్ చేశాము. ఒక రోజు అది పొల్యూషన్ పరీక్షలో ఫెయిలయింది. "పరీక్ష లేకుండానే కాగితం ఇప్పిస్తాను, కాస్త ఎక్కువ ఇవ్వండి" అని ఒకాయన సలహా ఇచ్చాడు. కాగితం వస్తుంది సరే, పొగ ఎక్కడికి పోతుంది? మళ్లీ మా వార్డులోకే. అందుకే కారును మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లాము. అక్కడ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాము.

పరీక్షలో ఏం చూస్తారు?

పెట్రోలు కారు సైలెన్సర్ గొట్టంలో సన్నని పైపు పెట్టి, ఇంజను ఖాళీగా తిరుగుతుండగా రెండు వాయువులు కొలుస్తారు. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. రెండవది హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండా బయటకు వచ్చిన పెట్రోలు ఆవిరి. భారత్ స్టేజ్-2 కంటే ముందు నాటి కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పి.పి.ఎం. దాటకూడదు. భారత్ స్టేజ్-2, 3 కార్లకు 0.5 శాతం, 750 పి.పి.ఎం. భారత్ స్టేజ్-4 కార్లకు 0.3 శాతం, 200 పి.పి.ఎం. డీజిల్ బండికైతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, కళ్లు తిరగడం, ఆపైన మగత. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ తేడాను పట్టలేదు, అంకె మామూలుగానే చూపించవచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ.

రిపోర్టు చదవడం నేర్చుకోండి

ఫెయిల్ అని చూసి కాగితం మడిచి జేబులో పెట్టకండి. జబ్బు ఎక్కడుందో ఆ అంకెలే చెబుతాయి.

కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే, ఇంజనుకు గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అందుతున్నదని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ముతో మూసుకుపోయి ఉంటే మార్చండి. తర్వాత చోక్ పూర్తిగా వెనక్కి వెళుతున్నదో లేదో చూడాలి. ఆ తర్వాత కార్బురేటర్ శుభ్రం చేయించి, మీటరు పెట్టి ట్యూనింగ్ చేయించాలి.

హైడ్రోకార్బన్లు ఎక్కువైతే, పెట్రోలు సరిగా అంటుకోవడం లేదన్నమాట. స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఇగ్నిషన్ టైమింగ్ చూపించండి.

పొగ రంగు కూడా చెబుతుంది. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువ. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి. ఇంజను వేడెక్కినా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి.

మా కారుకు చివరికి మార్చినవి ఎయిర్ ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు, ఇంజన్ ఆయిల్. కార్బురేటర్ శుభ్రం చేయించాము. రెండోసారి పరీక్షలో నెగ్గింది.

పరీక్షకు వెళ్లేముందు

1. చల్లని ఇంజనుతో వెళ్లకండి. 15, 20 నిమిషాలు నడిపి వెళ్లండి. కెటాలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో అది బాగా వేడెక్కితేనే పని చేస్తుంది.
2. ఏ.సి., లైట్లు ఆపండి.
3. సైలెన్సర్‌కు చిల్లులుంటే వెల్డింగ్ చేయించండి. చిల్లు ఉంటే రీడింగు సరిగా రాదు. అంతకంటే ముఖ్యంగా, ఆ పొగ కారు లోపలికే వస్తుంది.
4. డీజిల్ బండి అయితే ముందుగా ఆయిల్ మట్టం, టైమింగ్ బెల్టు చూపించండి. పరీక్షలో ఇంజనును గట్టిగా తిప్పుతారు. నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూపించండి.

చేయకూడనివి

కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం బిగించవద్దు. చవకని కిరోసిన్ కలిసిన పెట్రోలు పోయించవద్దు. పరీక్ష కోసమే పెట్రోలు బాగా తగ్గించి, రాగానే మళ్లీ తిప్పేయడం కూడా మోసమే.

సర్టిఫికెట్ పాత కార్లకు ఆరు నెలలు, భారత్ స్టేజ్-4 మొదలు కొత్త కార్లకు ఏడాది చెల్లుతుంది. లేకపోతే 2019 సవరణ చట్టం ప్రకారం 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే జరిమానా ఒక్కటే కారణం కాకూడదు.

పరీక్షలో నెగ్గిన కారు పొగ కూడా విషమే. 3 శాతం అంటే 30,000 పి.పి.ఎం. షెడ్డు తలుపు మూసి ఇంజను నడపకండి. ఆగి ఉన్న కారులో అద్దాలు ఎత్తి, ఏ.సి. వేసుకుని నిద్రపోకండి. ఎవరైనా అలా స్పృహ తప్పితే వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, 108కి ఫోన్ చేయండి. వచ్చిన డాక్టరుకు "కారులో ఉన్నాడండీ" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం మారిపోతుంది.

ఇప్పుడు మా కారు గేటు బయట ఆగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లలు కారు వెనుక ఆడుకుంటుండగా ఇంజను స్టార్ట్ చేసి కబుర్లలో పడకండి. అందరూ ఎక్కాకే తాళం తిప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు.