గ్రహణం లేకున్నా రోకలి నిలబడుతుంది!

గ్రహణం పట్టిందంటే చాలు... పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. నిలబడితే గ్రహణం ఉన్నట్టు, పడిపోతే విడిచినట్టు. మరి మామూలు రోజున నిలబెట్టి చూసిందెవరు?

2003లో డిస్కవరీ ఛానల్లో మొదలైన 'మిత్‌బస్టర్స్' పని ఇలా చేసి చూడటమే. ఆడమ్ సావేజ్, జేమీ హైన్‌మన్ కారుకు రాకెట్లు బిగించారు, పేలుడు పదార్థాలు పేల్చారు. విమానం టాయిలెట్‌లోని వ్యాక్యూమ్ మనిషిని పట్టేస్తుందా అనీ పరీక్షించారు. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు... సీటుకీ ఒంటికీ మధ్య గాలి చొరబడుతుంది కాబట్టి అతుక్కుపోరని తేలింది.

రోకలికి అంత హడావుడి అక్కర్లేదు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు మామూలు రోజుల్లోనూ నిలబెట్టి చూపించారు. బరువంతా అడుగునున్న ఇనుప పొన్ను చుట్టు లోపలే పడేలా నిలిపితే రోకలి కదలదు. సూర్యచంద్రుల ఆకర్షణే కారణమైతే ప్రతి అమావాస్యకూ నిలబడాలి. ఆ రోజూ ఇద్దరూ దాదాపు ఒకే దిక్కున ఉంటారుగా!

రోకలి సంగతి సరదానే. గర్భిణుల సంగతి అలా కాదు. గ్రహణమొర్రి వస్తుందని గంటల తరబడి కదలనివ్వరు, మంచినీళ్లూ ముట్టనివ్వరు. నిజానికి గర్భం తొలి వారాల్లో బిడ్డ పెదవి సరిగా కలవకపోతే వచ్చేది గ్రహణమొర్రి. నీడకు అందులో పాత్ర లేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరిశీలిస్తుంటే, ఎంతోమంది తలుపులు బిడాయించుకున్నారు.

2027 ఆగస్టు 2న మన దేశంలో చాలాచోట్ల పాక్షిక సూర్యగ్రహణం. సౌర కళ్లద్దాలతో హిమాయత్ సాగర్ లాంటి ఆరుబయట చోటుకు వెళ్లండి. రోకలిని మాత్రం ఈ ఆదివారమే నిలబెట్టి చూడండి!