ఇత్తడి బిళ్ల

మన కర్నూలు, కడప సీమలలోని పాతతరమువారికి "బిళ్ల బంట్రోతు" అను మాట సుపరిచితము. ఆతని ఱొమ్మున మెఱయు ఇత్తడి బిళ్ల ఆతని పేరు చెప్పదు. ఏ కచేరి నౌకరో చెప్పును. జనులు దారి యిచ్చినది మనిషికి గాదు, బిళ్లకు. ఇట్టి బిళ్లయే మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో శ్రామికస్త్రీలకు లభించెను. దాని కథ వినదగినది.

1914లో, సైన్యమున చేరని యువకుల చేతికి వీథిలో తెల్లని ఈక నిచ్చి పిరికివారని అవమానించు వాడుక అచట పుట్టెను. మందుగుండు కర్మాగారములలోని మగవారు ఈ నింద పడకుండుటకై 1915లో ప్రభుత్వము వారికి బిళ్లలు పంచెను. మగవారు రణరంగమునకు పోయినకొలది ఆ పని స్త్రీలపై బడెను. 1916లో వారికిని ముక్కోణపు ఇత్తడి బిళ్ల వచ్చెను. యుద్ధసేవలో నున్నారను ఆంగ్లాక్షరములును, సంవత్సరమును దానిపై గలవు.

పని సామాన్యమైనది కాదు. టి.ఎన్.టి. అను పేలుడుమందు సోకి వారి చర్మము పసుపువన్నెకు తిరిగెడిది. జనులు వారిని పచ్చని కెనరీ పిట్టలతో పోల్చి పిలిచిరి. మనయింట పసుపు మంగళచిహ్నము. అచట అది కాలేయమును తినుచున్న విషమునకు గుర్తు. నిప్పురవ్వ పుట్టునను భీతిచే తలపిన్నులు, ఉంగరములు మొదలగు లోహవస్తువులను మందుగదులలోనికి రానిచ్చెడివారు కారు. కావున ప్రాణాపాయము గల చోట ఇత్తడి బిళ్లకును ప్రవేశము లేదు. అది వీథిలో మెఱయుటకే. 1916 డిసెంబరు 5వ తేదీ రాత్రి లీడ్సు సమీపమున బార్న్‌బో కర్మాగారములో గుండు పేలి 35 మంది స్త్రీలు మరణించిరి. యుద్ధరహస్యమని ప్రభుత్వము ఆ వార్తను నాడు వెల్లడి కానీయలేదు.

1918లో ఆ దేశపు స్త్రీలకు పార్లమెంటు ఓటు వచ్చెను; కాని ముప్పదియేండ్లు నిండి, ఆస్తినియమములకు సరిపడినవారికే. గుండ్లు నింపిన పడుచులలో అనేకులకు ఆ వయస్సు లేదు. యుద్ధము ముగియగా పనియు పోయెను. చేత మిగిలినది బిళ్ల.

బేతంచెర్ల ప్రాంతమున నాపరాతి దుమ్ములో కూలిచేయు మన స్త్రీలను చూచినపుడెల్ల నాకు ఆ బిళ్ల తలపునకు వచ్చును. వీరికి అదియు లేదు. ఎవరైన నొకనాడు ఇత్తురేమో. ఇచ్చుటకు ముందు వారి కూలిని, వారి ఊపిరిని విచారించిన బాగుండును.