నూనెకు కొలత ఉంది, ఊపిరికి లేదు

మనం కోసి నూర్చిన వడ్లు మిల్లుకు పోతే బియ్యం ఒకవైపు, తవుడు ఒకవైపు వస్తాయి. ఒకనాడు గొడ్ల కుడితికే పోయిన తవుడు నుంచి నేడు వంటనూనె తీస్తున్నారు. తవుడులో నూటికి 15 నుంచి 20 పాళ్ళు నూనె ఉంటుంది. అది గానుగకు సరిగా లొంగదు. అందుకని హెక్సేన్ అనే సాల్వెంటుతో తడిపి నూనెను లాగుతారు. తర్వాత వేడిచేసి, హెక్సేన్‌ను ఆవిరిగా పట్టి మళ్ళీ వాడతారు. ఇది పెట్రోలియం నుంచి వచ్చే సరుకు. పెట్రోలులాగే భగ్గుమంటుంది.

కోతలయ్యాక మా కూలీలు కొందరు ఇలాంటి మిల్లులకు కాంట్రాక్టరు కింద పనికి పోతారు. నిరుడు ఒకతను వచ్చి, "అన్నా, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలీడం లేదు" అన్నాడు. హెక్సేన్ ఆవిరిని ఎక్కువకాలం పీలిస్తే కాళ్ళూ చేతుల నరాలు దెబ్బతింటాయనీ, తిమ్మిరీ నీరసమూ వస్తాయనీ వైద్యులకు ఏనాడో తెలుసు. అతనికి వచ్చింది అదేనని మేము తీర్పు చెప్పలేము. అతన్ని ఎవరూ పరీక్షించలేదు. మా ఫిర్యాదల్లా అదే.

ఈ ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి గుంటల్లో, కాలవల్లో చేరుతుంది. 1981 ఫిబ్రవరిలో అమెరికాలోని లూయీవిల్ పట్టణంలో ఒక సోయా మిల్లు నుంచి హెక్సేన్ మురుగుకాలవల్లోకి పోయి పేలింది. వీధులకు వీధులే లేచిపోయాయి.

కిలో నూనెలో 5 మిల్లీగ్రాములకు మించి హెక్సేన్ మిగలరాదని మన దేశంలో నిబంధన ఉంది. తినేవారికి ఆ రక్షణ ఉండవలసిందే. మరి పనిచేసేవాడు పీల్చే గాలిని కొలిచేదెవరు?

వేరే దారులు లేకపోలేదు. చెరకు మడ్డితో చేసే ఇథనాల్ ఉంది. కాకపోతే దాన్ని బాగా వేడిచేయాలి, ఇంధనం ఖర్చు ఎక్కువ. చెరకు పిప్పి, మొక్కజొన్న బెండ్లనుంచి తయారయ్యే మిథైల్ ఆక్సోలేన్‌కు ఐరోపా సమాఖ్య 2023లో అనుమతి ఇచ్చింది. గట్టి ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడుతోనూ నూనె తీయవచ్చు. అది అంటుకోదు, నూనెలో మిగలదు. కాని యంత్రాలు ఖరీదు.

ఖర్చు అనగానే యజమానులు చేతులెత్తేస్తారు. ఆ ఖర్చు ఇప్పుడు కూలివాడి కాళ్ళు భరిస్తున్నాయని మనం చెప్పాలి.

అయితే ఒక హెచ్చరిక. పచ్చరంగు పేరు పెట్టినంత మాత్రాన సాల్వెంటు సాధువైపోదు. ఇథనాలూ మండుతుంది, మిథైల్ ఆక్సోలేనూ మండుతుంది. కాబట్టి ఏ సాల్వెంటు వాడినా మనం అడగవలసినవి ఇవి. మిల్లులో గాలిని రోజూ కొలిచి, ఆ అంకెను గేటు దగ్గర తెలుగులో రాసిపెట్టాలి. కాంట్రాక్టు కూలీలతో సహా అందరికీ నరాల పరీక్ష యాజమాన్యం ఖర్చుతో జరగాలి. పిప్పి, బెండ్లు సరుకుగా మారిననాడు వాటి ధరలో రైతుకూ, వాటిని ఎత్తే కూలికీ వాటా రావాలి.

మీ ఊరినుంచి మిల్లు పనికి పోయేవాళ్ళుంటే ఈ సాయంత్రమే కూర్చోబెట్టి అడగండి: కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని.